పాత హత్యలపై పరిశోధన: లాయరు దేనికి, కోర్టు దేనికి?

ప్రశ్న: నేను మల్కాజిగిరిలో ఉంటున్న 63 ఏళ్ల విశ్రాంత ఉద్యోగిని. ఆడిట్ శాఖలో పనిచేశాను. ఏ పత్రికకూ విలేకరిని కాను, ఏ పార్టీలోనూ సభ్యుణ్ని కాను. 1948లో కాచిగూడలో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్య, 2000లో ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరకు మంత్రి మాధవరెడ్డి బలైన ఘటన, 2005లో అనంతపురంలో పరిటాల రవి హత్య, ఇలా మన తెలుగు నేల మీద జరిగిన రాజకీయ హత్యల గురించి సొంత ఖర్చుతో సమాచారం సేకరిస్తున్నాను. వాటిలో ఒకదాని గురించి పోలీసులు చెప్పినదానికి పొసగని సంగతులు ఒక వృద్ధుడు నాకు చెప్పారు, ఆయన అనుమతితోనే ఫోనులో రికార్డు చేశాను. ఆ తర్వాత ఒక పోలీసు స్టేషను నుంచి ఫోన్ చేసి ‘ఒకసారి వచ్చి కలిసి వెళ్లండి’ అన్నారు. నేను కలిసిన లాయర్లలో ఒకరు ఇలాంటివి తమకు వద్దన్నారు. మరొకరు హైకోర్టులో పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేసి కేసు తిరగతోడిద్దామంటూ నా పింఛనుకు మించిన మొత్తం అడిగారు. నాకు ఎలాంటి లాయరు కావాలి? పిల్ నిలబడుతుందా? పాత కేసుల కాగితాలు నాలాంటి వాడికి ఇస్తారా? నా విజిటింగ్ కార్డు ఒకటి జతచేశాను. (పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, మల్కాజిగిరి)

జవాబు: మీ ఉత్తరంలో ఆ వృద్ధుడి ఊరు, ఆయన చేసిన ఉద్యోగం, హత్యను ఇట్టే గుర్తుపట్టగల మరికొన్ని వివరాలు ఉన్నాయి. వాటిని తీసేసి ప్రచురిస్తున్నాం, అసలు ఉత్తరాన్ని మీకే తిప్పి పంపుతున్నాం. కక్షిదారు తన లాయరుకు చెప్పుకున్న మాటకు భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షను రక్షణ ఇస్తుంది. కక్షిదారు అనుమతి లేనిదే లాయరు గాని, ఆయన గుమాస్తా గాని ఆ మాట బయటపెట్టకూడదు, వకాల్తా ముగిసిపోయిన తర్వాత కూడా ఆ కట్టుబాటు పోదు. పత్రికలోని సలహాల శీర్షికకు రాసిన ఉత్తరానికి అలాంటి రక్షణ ఏదీ లేదు. రేపు ఎవరైనా అధికారి నోటీసుతో వచ్చి ఆ ఉత్తరం అడిగితే మా దగ్గర చెప్పుకోదగిన అడ్డు ఉండదు. మీరు విలేకరి కాకపోవడం వల్ల పెద్దగా పోగొట్టుకున్నదీ లేదు. సమాచారం ఇచ్చిన వారి పేరు చెప్పనక్కర్లేదనే హక్కు 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టం విలేకరులకు ఇచ్చినా, అది ఆ కౌన్సిల్ ముందు జరిగే విచారణకే పరిమితం. పోలీసుల ముందు, కోర్టుల ముందు ఎవరికీ అలాంటి ప్రత్యేక చట్టరక్షణ మన దేశంలో లేదు.

మీరు లాయరును వెతుకుతున్నది కేసు తిరగతోడడానికి. నా అభిప్రాయం అడిగితే, మీకు లాయరు కావలసింది ఆ పనికి కాదు. మీ దగ్గరున్న సమాచారాన్ని, దాన్ని మీకు నమ్మి చెప్పిన మనిషిని కాపాడుకోవడానికి ముందు లాయరు కావాలి, ఆ తర్వాత రికార్డులు రాబట్టడానికి కావాలి. ఈ రెండింటికీ చట్టంలో మీకు చోటు ఉంది. హత్య కేసును మళ్లీ దర్యాప్తు చేయించే పనిలో మాత్రం చట్టం మిమ్మల్ని బయటి మనిషిగానే చూస్తుంది. పిల్ గురించి చెప్పేటప్పుడు దీన్ని వివరిస్తాను. ముందు తొందరగా తేల్చుకోవలసినది ఆ ఫోన్ సంగతి.

సాక్షిగా ఎవరినైనా పిలవాలంటే దర్యాప్తు అధికారి లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షను చెబుతోంది. తన స్టేషను పరిధిలోనో, పక్క స్టేషను పరిధిలోనో ఉన్నవారినే ఆయన అలా పిలవగలడు. అంతకన్నా మీకు పనికివచ్చే మాట మరొకటి అందులో ఉంది. 60 ఏళ్లు దాటిన పురుషుణ్ని, ఏ వయసు స్త్రీనైనా, వారు నివసించే చోటికి తప్ప మరో చోటికి రమ్మనకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ వయసు 65గా ఉండేది, కొత్త సంహితలో 60కి తగ్గించారు. మీకు 63 ఏళ్లు. ‘లిఖితపూర్వకంగా నోటీసు పంపండి, మా ఇంట్లో మాట్లాడతాను’ అని మర్యాదగా చెప్పడం మీ హక్కే, అది మొండితనం కాదు. ఆ సమాధానాన్ని కూడా ఉత్తరంగా రాసి రిజిస్టర్డు పోస్టులో పంపండి. అధికారి ఇంటికి వచ్చి అడిగితే నిజమే చెప్పాలి, మిమ్మల్ని మీరే నేరంలో ఇరికించుకునే ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పనక్కర్లేదు. అలా రాసుకున్న వాంగ్మూలం మీద మీ చేత సంతకం పెట్టించుకోకూడదని 181వ సెక్షను అంటోంది. మన స్టేషన్లలో సంతకం అడగడం ఎంత మామూలో తెలిసినవాణ్ని గనుక ఈ సంగతి విడిగా చెబుతున్నాను. మీ ఫోను గాని, నోటు పుస్తకాలు గాని ఇమ్మంటే అది 94వ సెక్షను కింద రావలసిన వేరే ఉత్తర్వు. దాన్ని చదివి అర్థం చేసుకునే లోపే వస్తువులు చేతులు మారకుండా చూసుకోవడానికి ఆ రోజుకు మీకొక లాయరు ఉండి ఉండాలి.

ఇక ఆ వృద్ధుడు చెప్పినది. మీ ఉత్తరమంతా చదివినా నాకు తేలనిది, మీరు మీ లాయరు దగ్గర మొట్టమొదట తేల్చుకోవలసినది ఒకటే: ఆయన తాను చూసినది చెప్పారా, ఎవరో చెప్పగా విన్నది చెప్పారా, లేక తాను చేసినదే చెప్పారా? విన్నది చెప్పి ఉంటే, ఆడిట్‌లో వోచరు లేని ఖర్చును మీరు ఎలా చూసేవారో కోర్టు కూడా ఆ మాటను అలాగే చూస్తుంది. ఎక్కడ వెతకాలో చెప్పే ఆచూకీగా అది పనికిరావచ్చు గాని సాక్ష్యంగా నిలబడదు. చూసినది చెప్పి ఉంటే సాక్షి ఆయన, మీరు కాదు. ఆయన స్వయంగా చెబితేనే దానికి విలువ. తాను చేసినది మీ ముందు ఒప్పుకొని ఉంటే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. పోలీసులకు కాక ఇతరులకు చేసిన ఒప్పుకోలును కోర్టులు బలహీనమైన సాక్ష్యంగా భావించినా తోసిపుచ్చవు. అప్పుడు మీరు పరిశోధకుడిగా కాక ఆ కేసులో సాక్షిగా మారతారు. హత్య వంటి నేరాల గురించి తెలిసిన ప్రతి వ్యక్తీ సహేతుకమైన కారణం లేనిదే ఆ సమాచారాన్ని వెంటనే పోలీసులకో మేజిస్ట్రేటుకో తెలపాలని నాగరిక సురక్షా సంహిత 33వ సెక్షను విధిస్తోంది, తెలపకపోవడానికి కారణం ఉందని చూపించే బాధ్యత కూడా ఆ వ్యక్తిదే. చట్టరీత్యా చెప్పవలసిన సమాచారాన్ని కావాలని దాచిన వారికి, నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 239వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు శిక్ష పడవచ్చు. పరిశోధన పూర్తయి పుస్తకం వచ్చేదాకా ఈ విషయం గుట్టుగా ఉంచాలనుకునే వారు సాధారణంగా ఈ సెక్షన్ల వైపు చూడరు.

ఆ రికార్డింగును ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి. అది ఉన్న ఫోనును అమ్మకండి, రీసెట్ చేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో దాఖలు చేయాలంటే సాక్ష్య అధినియం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం ఇవ్వాలి, అందులో ఆ ఫైలు హాష్ విలువ, అంటే ఫైలుకు వేలిముద్రలాంటి సంకేతం, కూడా రాయాలి. ఫైలులో ఒక్క క్షణం నిడివి కత్తిరించినా హాష్ విలువ మారిపోతుంది కాబట్టి, ఆ విలువను ఇప్పుడే లెక్కగట్టించి, తేదీ వేసి లాయరు ఫైలులో పెట్టించండి. ఆ వృద్ధుడికి ప్రాణభయం ఉంటే, సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 5న ఆమోదించి దేశమంతటా అమలు చేయమన్న సాక్షుల రక్షణ పథకం ఉంది. జిల్లా సెషన్స్ జడ్జి అధ్యక్షుడిగా ఉండే కమిటీకి సాక్షి గాని, ఆయన తరఫు లాయరు గాని దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది మీరు మీ అంతట మీరు చేసే పని కాదు. ఆయన్ను అడిగి, ఆయనకు వేరే లాయరును చూపించి చేయించాలి. మీ ప్రయోజనం, ఆయన ప్రయోజనం ఎప్పుడూ ఒకటే కాకపోవచ్చు.

పిల్ విషయానికి వస్తే, మీకు ఆ సలహా ఇచ్చిన లాయరు గారు ఈ కింది సంగతులు మీకు చెప్పి ఉండవలసింది. ముంబయికి చెందిన ఒక పరిశోధకుడు మహాత్మాగాంధీ హత్యలో నాలుగో తూటా ఉందని, రెండో హంతకుడు ఉన్నాడని, మళ్లీ దర్యాప్తు జరపాలని కోర్టుకెక్కారు. బొంబాయి హైకోర్టు 2016లో కొట్టేసింది. సుప్రీంకోర్టు వెంటనే తోసిపుచ్చక, సీనియర్ న్యాయవాది అమరేంద్ర శరణ్‌ను సహాయకుడిగా నియమించి పాత రికార్డులన్నీ పరిశీలింపజేసింది, ఆ వాదనకు ఆధారం లేదని ఆయన చెప్పాక 2018 మార్చి 28న పిటిషన్ కొట్టేసింది. అహ్మదాబాద్‌లో 2003లో హత్యకు గురైన గుజరాత్ మాజీ మంత్రి హరేన్ పాండ్యా కేసులో కొత్తగా దర్యాప్తు జరిపించాలని ఒక స్వచ్ఛంద సంస్థ పిల్ వేస్తే, సుప్రీంకోర్టు 2019 జులై 5న దాన్ని తిరస్కరించడమే కాక 50,000 రూపాయలు ఖర్చుల కింద కట్టమంది. అంతకు చాలా ముందే, మాజీ సైన్యాధిపతి జనరల్ వైద్య హత్య కేసులో శిక్ష పడిన వారి తరఫున సంబంధం లేని మూడో మనిషి వచ్చి వాదించడానికి వీల్లేదని 1992లో తేల్చి చెప్పింది. దీనికి ఎదురుగా వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసును పెట్టి చూడండి. విచారణను ఆంధ్రప్రదేశ్ నుంచి మార్చాలని ఆయన కుమార్తె అడిగారు, 2022 నవంబరు 29న సుప్రీంకోర్టు ఆ కేసును హైదరాబాద్ సీబీఐ కోర్టుకు బదిలీ చేసింది. బాధిత కుటుంబం అడిగినప్పుడు కోర్టు వినే తీరు వేరు, ఎంత నిజాయితీపరుడైనా సంబంధం లేని పరిశోధకుడు అడిగినప్పుడు వినే తీరు వేరు. మీ దగ్గర నిజంగా బలమైన ఆధారం ఉంటే దాన్ని ఆ కుటుంబం లాయరుకు మీ లాయరు ద్వారా అందజేయడం, మీరే కోర్టు మెట్లెక్కడం కన్నా ఎంతో ప్రయోజనకరం.

అలాగని మీకు దారి అసలే లేదని కాదు. హత్యా నేరానికి కాలపరిమితి లేదు, నేరం జరిగిందని ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు. క్రిమినల్ చట్టాన్ని కదిలించే హక్కు ప్రతి పౌరుడికీ ఉందని అంతులే కేసులో 1984లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త ఆధారం దొరికితే ఛార్జిషీటు వేసిన తర్వాత కూడా నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షను కింద తదుపరి దర్యాప్తు జరపవచ్చు, విచారణ మొదలై ఉంటే దానికి కోర్టు అనుమతి కావాలి. అయితే అప్పటికే నిర్దోషిగా విడుదలైన వ్యక్తిని అదే నేరానికి మళ్లీ విచారించడం కుదరదు. మీ కేసులో ఎవరెవరి మీద తీర్పు వచ్చిందో, అప్పీలు ఏ దశలో ఉందో తెలియకుండా దరఖాస్తు రాయకండి. రైల్వే మంత్రి ఎల్.ఎన్. మిశ్రా 1975 జనవరిలో సమస్తిపూర్ బాంబు పేలుడులో చనిపోతే, విచారణ కోర్టు తీర్పు 2014 డిసెంబరులో వచ్చింది. మన దేశంలో పాత కేసు అనగానే ముగిసిన కేసు అనుకోవడానికి లేదు.

కాగితాల విషయంలో మీ పరిస్థితి మీరనుకున్నదానికన్నా చాలా మెరుగ్గా ఉంది. షోయబుల్లా ఖాన్ హత్య గురించి అయితే మీకు లాయరే అక్కర్లేదు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు రికార్డులు, అఫ్జల్‌గంజ్ కేంద్ర గ్రంథాలయంలోని పాత సంపుటాలు, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీ చూడండి. ఉర్దూ ధారాళంగా చదవగలిగిన మనిషిని తోడు తీసుకెళ్లండి, లేకపోతే సగం పని కూడా జరగదు. ఆ తర్వాతి కాలపు హత్యలకు సమాచార హక్కు చట్టం ఉంది. పోలీసు శాఖ సాధారణంగా 8(1)(హెచ్) కింద, అంటే దర్యాప్తుకు అడ్డు వస్తుందని తిరస్కరిస్తుంది. దర్యాప్తు నడుస్తోందని చెబితే చాలదని, సమాచారం ఇస్తే అది ఎలా దెబ్బతింటుందో కారణం చూపాలని ఢిల్లీ హైకోర్టు 2007లో భగత్‌సింగ్ అనే దరఖాస్తుదారు కేసులో చెప్పింది. మీ అప్పీలులో దాన్ని ఉదహరించండి. దానికన్నా మీకు ఎక్కువ పనికివచ్చేది 8(3). దరఖాస్తు చేసిన నాటికి 20 ఏళ్లు నిండిన ఘటనలకు సంబంధించిన సమాచారాన్ని ఇవ్వాల్సిందేనని, దేశభద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు అనే మూడు మినహాయింపులే మిగులుతాయని ఆ సెక్షను అంటోంది. 2000 మార్చి నాటి ఘట్‌కేసర్ ఘటన ఈ గీత ఎప్పుడో దాటింది, 2005 జనవరి 24 నాటి అనంతపురం హత్యకు 2025 జనవరిలో 20 ఏళ్లు నిండాయి. వ్యక్తిగత సమాచారం పేరుతో నిరాకరించే వీలును 2023 నాటి డేటా రక్షణ చట్టం ద్వారా బాగా విస్తరించారు గనుక, ఇప్పుడు పరిశోధకులకు ఈ 20 ఏళ్ల నిబంధన అంతకు ముందుకన్నా విలువైనది. అయితే సమాచార హక్కు చట్టం 24వ సెక్షను ఇంటెలిజెన్స్ బ్యూరో వంటి సంస్థలను ఆ చట్టం పరిధి నుంచే తప్పించింది, 2011లో సీబీఐని కూడా ఆ జాబితాలో చేర్చారు. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారాన్ని మాత్రం వారు కూడా నిరాకరించకూడదు.

దరఖాస్తులో ‘హత్య వెనుక ఎవరున్నారు’ అని అడగకండి. అది సమాచారం కాదు, అభిప్రాయం. క్రైం నంబరు, సంవత్సరం, స్టేషను పేరు రాసి, ఫలానా ఫైలు విషయసూచికను, శవపంచనామా నకలును, ఆ రికార్డులు నాశనం చేసి ఉంటే నాశనం చేసినట్టు రాసుకున్న రిజిస్టరు పేజీని అడగండి. ఫైలును స్వయంగా చూసి నోట్సు రాసుకునే హక్కు కూడా మీకుంది. ఇన్నేళ్లు ఫైళ్ల మధ్య బతికిన మీకు ఏ పేజీ లేకపోతే ఏ అనుమానం రావాలో నేను చెప్పనక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మరో ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, దాని మీద తొంభై రోజుల్లో రెండో అప్పీలు వేయాలి. రాష్ట్ర విభజన తర్వాత ఏ ఫైలు హైదరాబాద్‌లో మిగిలిందో, ఏది ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిందో ముందు తెలుసుకుంటే నెలలు కలిసివస్తాయి.

కోర్టు కాగితాల దారి వేరు. కేసుతో సంబంధం లేనివారు సమాచార హక్కు చట్టం కింద కాక, కోర్టు నిబంధనల కిందనే, ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్ వేసి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020 మార్చిలో గుజరాత్ హైకోర్టు కేసులో చెప్పింది. ఛార్జిషీట్లను పోలీసులు వెబ్‌సైట్లో పెట్టనక్కర్లేదని, అవి ప్రజా పత్రాలు కావని 2023 జనవరిలో సౌరవ్ దాస్ కేసులో చెప్పింది. నాంపల్లి కోర్టుల్లో కాపీ అప్లికేషన్ నడిపించడం తెలిసిన ట్రయల్ కోర్టు లాయరు మీకు కావలసింది ఇక్కడే, హైకోర్టు సీనియర్ కాదు. ఆయనను పెట్టుకునే ముందు బార్ కౌన్సిల్ నమోదు సంఖ్య చూసుకోండి. మీరు పరిశోధిస్తున్న కేసుల్లో ఆయన గాని, ఆయన సీనియర్ గాని ఎప్పుడైనా ఎవరి తరఫునైనా హాజరయ్యారా అని సూటిగా అడగండి, హైదరాబాద్ బార్‌లో అందుకు అవకాశం తక్కువేమీ కాదు. ఖాళీ వకాల్తా మీద సంతకం పెట్టకండి, ఫీజు ఏ పనికి ఎంతో కాగితం మీద రాయించుకోండి. స్తోమత లేనివారికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. మీ పింఛను ఆ పరిమితిలోకి వస్తుందో లేదో పురానీ హవేలీలోని న్యాయ సేవా సదన్‌లో గాని, 15100 నంబరుకు ఫోన్ చేసి గాని తెలుసుకోండి.

విచారణ కమిషన్ల నివేదికలనూ వదలకండి, కానీ వాటి పరిమితి గ్రహించి చదవండి. ఇందిరాగాంధీ హత్యపై జస్టిస్ ఠక్కర్ ఇచ్చిన నివేదికను సభ ముందు పెట్టకుండా ఉంచడానికి 1986లో విచారణ కమిషన్ల చట్టాన్నే సవరించారు. అందులోని భాగాలు పత్రికకెక్కాక 1989 మార్చిలో పార్లమెంటు ముందుకు వచ్చింది. కమిషన్ ముందు ఒక వ్యక్తి ఇచ్చిన వాంగ్మూలాన్ని, అబద్ధపు సాక్ష్యం నేరానికి తప్ప, క్రిమినల్ కేసులో అతనికి వ్యతిరేకంగా వాడకూడదని ఆ చట్టం 6వ సెక్షను అంటోంది, ఆ హత్య కేసులోనే 1988లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా అమలు చేసింది. చరిత్ర రాసే వారికి కమిషన్ రికార్డు బంగారు గని కావచ్చు, కోర్టులో కేసు నిలబెట్టాలనుకునే వారికి కాదు.

చివరగా మీరు పంపిన కార్డు. దాని మీద ‘స్వతంత్ర దర్యాప్తు అధికారి’ అని ముద్రించుకున్నారు. దయచేసి ఆ కార్డులన్నీ చింపేయండి. ప్రభుత్వోద్యోగినని నమ్మించి ఏ పనైనా చేయడం భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షను కింద నేరం, శిక్ష ఆరు నెలలకు తగ్గదు, మూడేళ్ల దాకా ఉండవచ్చు. మీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు, కానీ ఆ కార్డు చూసి తలుపు తీసిన పల్లెటూరి సాక్షి ఏమనుకున్నాడన్నది కోర్టు అడుగుతుంది. పేరు, ‘పరిశోధకుడు’ అన్న మాట చాలు. ఎవరో ఇప్పిస్తామన్నారని ఫోన్ కాల్ డేటా కొనే పని కూడా పెట్టుకోకండి, అది నేరుగా జైలు దారి.

ప్రశ్న: నేను ఉప్పల్‌లో ఉంటూ జర్నలిజం చదువుతున్నాను. మా జిల్లాలో చాలా కాలం కింద జరిగిన ఒక నాయకుడి హత్య గురించి ఒక చిన్న పత్రికలో వ్యాసం రాశాను. ఆ నాయకుడి ప్రత్యర్థిగా ఉండి, తర్వాత చనిపోయిన మరో వ్యక్తి కుమారులు, తమ తండ్రిని హంతకుడన్నానంటూ పరువునష్టం నోటీసు పంపారు. క్షమాపణ చెప్పాలా? (ఒక పాఠకురాలు, ఉప్పల్)

జవాబు: అమ్మా, భయంతో వెంటనే క్షమాపణ రాసి ఇవ్వవద్దు, నోటీసును పక్కన పడేయనూ వద్దు. చనిపోయిన వ్యక్తి పరువు పోయిందంటూ వారసులు సివిల్ కోర్టులో నష్టపరిహారం రాబట్టడం కష్టం. కానీ భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద, బతికి ఉంటే పరువు తీసేలా ఉండి, కుటుంబ సభ్యుల మనసు నొప్పించే ఉద్దేశంతో చేసిన ఆరోపణ నేరమే, రెండేళ్ల దాకా శిక్ష ఉంది. కాబట్టి మీ వ్యాసంలో ప్రతి వాక్యానికీ ఆధారం ఏమిటన్నదే అసలు విషయం. కోర్టు తీర్పులో, కమిషన్ నివేదికలో, ప్రజా రికార్డులో ఉన్నదాన్ని ఉన్నట్టు ప్రచురించడం తప్పు కాదని ఆర్. రాజగోపాల్ కేసులో 1994లో సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వెలువడిన కేసు మంచిచెడ్డలను సద్బుద్ధితో చర్చించడాన్ని 356వ సెక్షనే మినహాయించింది. అయితే ‘ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు’ అన్న వాక్యం మీ వ్యాసంలో రెండు చోట్ల ఉంది. ఆ రెండు వాక్యాలకు ఈ మినహాయింపులు రావు. వాటిని ఉపసంహరించుకుంటున్నట్టు పత్రిక ద్వారా ప్రకటించి, మిగిలినదానికి ఆధారాలు చూపుతూ లాయరు ద్వారా జవాబు ఇవ్వడం నాకు సబబుగా కనిపిస్తోంది. వారు ప్రైవేటు ఫిర్యాదు వేసినా, మీ మాట వినకుండా మేజిస్ట్రేటు దాన్ని విచారణకు స్వీకరించకూడదని భారతీయ నాగరిక సురక్షా సంహిత 223వ సెక్షను మీకు ఒక అవకాశం ఇచ్చింది. ఇకముందు రాసే వ్యాసాల్లో, ఛార్జిషీటు దాఖలై విచారణ నడుస్తున్న కేసుల గురించి మరింత జాగ్రత్త అవసరం, కోర్టు ధిక్కార చట్టం వర్తించేది అక్కడ. జరిగిన విచారణను నిష్పాక్షికంగా, ఉన్నదున్నట్టు రాయడాన్ని ఆ చట్టం తప్పుపట్టదు. ఎవరు దోషో మీరే తేల్చి రాయడాన్ని తప్పుపడుతుంది.

ప్రశ్న: కెన్నెడీ హత్య ఫైళ్ల మీద నాకు ఆసక్తి. అమెరికా ప్రభుత్వాన్ని హైదరాబాద్ నుంచి దరఖాస్తు చేసి కాగితాలు అడగవచ్చా? లాయరు కావాలా? (ఒక పాఠకుడు, కూకట్‌పల్లి)

జవాబు: అడగవచ్చు. మన సమాచార హక్కు చట్టం పౌరులకే పరిమితం, 1966 నాటి అమెరికా చట్టం మాత్రం ‘ఏ వ్యక్తి’ అయినా అడగవచ్చంటుంది, విదేశీయులు కూడా. కానీ మీరు కొత్తగా అడగవలసిన అవసరం తక్కువ. కెన్నెడీ హత్య రికార్డుల కోసమే 1992లో వారు ప్రత్యేక చట్టం చేసుకున్నారు, ఆ సేకరణ మేరీల్యాండ్‌లోని కాలేజ్ పార్క్‌లో నేషనల్ ఆర్కైవ్స్ దగ్గర ఉంది. 2025 జనవరి 23 నాటి అధ్యక్షుడి ఉత్తర్వు తర్వాత మిగిలిన ఫైళ్లను అదే ఏడాది మార్చి 18 నుంచి వెబ్‌సైట్లో పెట్టారు, మార్టిన్ లూథర్ కింగ్ హత్యకు సంబంధించి 2,30,000కు పైగా పేజీలను జులైలో విడుదల చేశారు. మార్చిలో తొందరపడి విడుదల చేసిన కాగితాల్లో బతికి ఉన్నవారి సోషల్ సెక్యూరిటీ నంబర్లు కూడా బయటపడిపోయాయి, అలాంటివి కనిపిస్తే మీరు తిరిగి ప్రచురించకండి. అడిగినా కాగితం ఇవ్వకపోతే అక్కడి కోర్టుకు వెళ్లాలి, అప్పుడే లాయరు అవసరం. హెరాల్డ్ వైజ్‌బర్గ్ అనే ఆయన మేరీల్యాండ్‌లో కోళ్ల ఫారం నడిపిన మనిషి. కెన్నెడీకి తగిలిన తూటాల పరీక్షా నివేదికల కోసం అక్కడి న్యాయశాఖ మీద కేసు వేసి 1973లో అప్పీలు కోర్టులో ఓడిపోయారు. ఆ తీర్పు మీద వచ్చిన అసంతృప్తి కూడా తోడై 1974లో అమెరికా కాంగ్రెస్ పోలీసు రికార్డుల మినహాయింపును కుదించింది, ఆ సవరించిన చట్టం కింద ఆయన మళ్లీ కేసు వేశారు. కూకట్‌పల్లి నుంచి మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు, ముందు నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైట్లోని సూచికలో రికార్డు సంఖ్య వెతికి చూడండి.